వెబ్ ప్రోగ్రామింగు పుస్తకాలు

వెబ్ ప్రోగ్రామింగు పుస్తకాలు అనగా వెబ్ అనువర్తనాలను తయారు చేయడం నేర్పే సాంకేతిక గ్రంథాలు. బ్రౌజరు ద్వారా వాడుకునే కంప్యూటరు ప్రోగ్రామును వెబ్ అనువర్తనం అంటారు. రైలు టిక్కెట్ల నమోదు, పరీక్షా ఫలితాల ప్రకటన, బ్యాంకు లావాదేవీలు, ఇంటర్నెట్ దుకాణాలు మొదలైనవి దీనికి ఉదాహరణలు. ఈ రంగంలో మొదటి పుస్తకాలు 1990ల మధ్యకాలంలో వెలువడ్డాయి. ఆ తరువాత ప్రతి కొత్త భాషకు, ప్రతి కొత్త ఫ్రేమ్‌వర్కుకు వెంటనే పుస్తకాలు రావడం ఆనవాయితీ అయింది.

గణితం, భౌతికశాస్త్రం వంటి విషయాలలో ఇరవై ఏళ్ళ నాటి పాఠ్యపుస్తకం కూడా చాలావరకు పనికివస్తుంది. వెబ్ ప్రోగ్రామింగు పుస్తకంలో మాత్రం కొంత భాగం రెండు మూడేళ్ళలోనే పాతబడుతుంది, మరికొంత భాగం దశాబ్దాల పాటు నిలుస్తుంది. ఈ రెండు భాగాలను వేరుచేసి చూడగలగడమే మంచి పుస్తకాన్ని ఎంచుకోవడంలో ముఖ్యమైన విషయం. పాత పుస్తకంలోని ఉదాహరణ పనిచేయకపోతే విద్యార్థికి కొంత సమయం మాత్రమే వృథా అవుతుంది. పనిచేస్తూనే భద్రత లేని పద్ధతిని నేర్పే ఉదాహరణ వలన, తరువాత ఆ విద్యార్థి తయారుచేసే వెబ్‌సైటును వాడే వారందరికీ నష్టం కలుగుతుంది.

విషయ పరిధి

వెబ్ అనువర్తనం ఒకే కంప్యూటరులో, ఒకే భాషలో నడిచే ప్రోగ్రాము కాదు. వాడుకరి కంప్యూటరులోనో ఫోనులోనో ఉండే బ్రౌజరు, వేరే చోట ఉండే సర్వరు, ఆ సర్వరు వెనుక ఉండే డేటాబేసు - ఈ మూడూ కలిసి పనిచేస్తాయి. పేజీ నిర్మాణానికి హెచ్‌టీఎంఎల్, అలంకరణకు సీఎస్‌ఎస్, బ్రౌజరులో నడిచే ప్రోగ్రాములకు జావాస్క్రిప్టు వాడతారు. సర్వరు వైపు పీహెచ్‌పీ, జావా, పైథాన్, రూబీ, సీ-షార్ప్ వంటి భాషలలో ఏదో ఒకటి ఉంటుంది. జావాస్క్రిప్టు కూడా సర్వరు వైపు నడుస్తుంది. డేటాబేసుతో మాట్లాడడానికి చాలా సందర్భాలలో ఎస్‌క్యూఎల్ అవసరమౌతుంది.

బ్రౌజరుకు, సర్వరుకు మధ్య సంభాషణ హెచ్‌టీటీపీ అనే నియమావళి ప్రకారం జరుగుతుంది. బ్రౌజరు ఒక అభ్యర్థన పంపుతుంది, సర్వరు దానికి జవాబు ఇస్తుంది. ఈ నియమావళిలో ప్రతి అభ్యర్థన దేనికదే విడిగా ఉంటుంది. ఇంతకు ముందు ఏ వాడుకరి ఏమి అడిగాడన్నది నియమావళి తనంతట తాను గుర్తుంచుకోదు. అందువలన లాగిన్ అయిన వ్యక్తిని తరువాతి పేజీలో గుర్తుపట్టడానికి కుకీలు, సెషన్లు అవసరమయ్యాయి. కుకీలను 1994లో నెట్‌స్కేప్ సంస్థలో లూ మాంటుల్లి రూపొందించాడు.

ఇన్ని అంశాలున్న విషయాన్ని ఒకే పుస్తకం సంపూర్ణంగా నేర్పజాలదు. "అన్నీ ఒకే చోట" అని ప్రకటించుకునే పెద్ద గ్రంథాలలో సాధారణంగా ఒక్కొక్క అంశానికి కొద్ది పేజీలే దక్కుతాయి.

చరిత్ర

తొలి దశ

టిమ్ బెర్నర్స్-లీ 1989లో స్విట్జర్లాండులోని సెర్న్ పరిశోధనాలయంలో వెబ్‌ను ప్రతిపాదించాడు. మొదట వెబ్‌లో ఉన్నవి మారని పేజీలు మాత్రమే. 1993లో అమెరికాలోని ఎన్‌సీఎస్‌ఏ సంస్థలో సీజీఐ అనే పద్ధతి రూపుదిద్దుకోవడంతో, సర్వరు ఒక ప్రోగ్రామును నడిపి దాని ఫలితాన్ని పేజీగా పంపడం సాధ్యమైంది. ఈ ప్రోగ్రాములను ఎక్కువగా పెర్ల్ భాషలో వ్రాసేవారు. 1996లో ఓరైలీ సంస్థ ప్రచురించిన శిశిర్ గుండవరం గ్రంథం "సీజీఐ ప్రోగ్రామింగ్ ఆన్ ది వరల్డ్ వైడ్ వెబ్" ఈ పద్ధతిని వివరించిన తొలి పుస్తకాలలో ఒకటి. జావాస్క్రిప్టును బ్రెండన్ ఐక్ 1995లో రూపొందించాడు. మరుసటి సంవత్సరమే డేవిడ్ ఫ్లానగన్ వ్రాసిన "జావాస్క్రిప్ట్: ది డెఫినిటివ్ గైడ్" మొదటి కూర్పు వెలువడింది.

పీహెచ్‌పీ, జావా కాలం

రాస్మస్ లెర్డార్ఫ్ 1995లో విడుదల చేసిన పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్ డేటాబేసుతో జతకట్టి తక్కువ ఖర్చుతో వెబ్‌సైట్లు నడిపేవారికి బాగా అందుబాటులోకి వచ్చింది. ల్యూక్ వెల్లింగ్, లారా థామ్సన్ వ్రాసిన "పీహెచ్‌పీ అండ్ మైఎస్‌క్యూఎల్ వెబ్ డెవలప్‌మెంట్" 2001లో మొదటిసారి వెలువడి, 2016లో 5వ కూర్పును చేరుకుంది. పెద్ద సంస్థలలో జావా సర్వ్‌లెట్లు, జేఎస్‌పీ పేజీలు వాడుకలోకి వచ్చాయి. ఓరైలీ సంస్థ "హెడ్ ఫస్ట్" వరుసలో 2004లో తెచ్చిన "హెడ్ ఫస్ట్ సర్వ్‌లెట్స్ అండ్ జేఎస్‌పీ" పుస్తకాన్ని సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ ధ్రువపత్ర పరీక్షకు సిద్ధమయ్యేవారి కోసం వ్రాశారు. బొమ్మలు, సంభాషణలు, పజిళ్ళతో పాఠం చెప్పడం ఈ వరుస ప్రత్యేకత.

ఫ్రేమ్‌వర్కుల కాలం

ప్రతి అనువర్తనంలోనూ మళ్ళీ మళ్ళీ వ్రాయవలసిన భాగాలను ముందే సిద్ధం చేసి ఇచ్చే సాధనాన్ని ఫ్రేమ్‌వర్కు అంటారు. 2004లో వచ్చిన రూబీ ఆన్ రెయిల్స్ ఈ ధోరణికి ఊపునిచ్చింది. డేవ్ థామస్, రెయిల్స్ సృష్టికర్త డేవిడ్ హైన్‌మెయర్ హాన్సన్ కలిసి వ్రాసిన "ఎజైల్ వెబ్ డెవలప్‌మెంట్ విత్ రెయిల్స్" 2005లో వెలువడింది. ఈ పుస్తకం ముందరి భాగాలలో "డిపో" అనే పుస్తకాల దుకాణాన్ని అంచెలంచెలుగా నిర్మించి, తరువాతి భాగాలలో ఒక్కొక్క అంశాన్ని లోతుగా వివరిస్తుంది. ఒక పూర్తి అనువర్తనాన్ని కడుతూ నేర్పే పద్ధతిని తరువాతి కాలంలో అనేక పుస్తకాలు అనుసరించాయి. పైథాన్ భాషలోని జాంగో ఫ్రేమ్‌వర్కుపై దాని సృష్టికర్తలలో ఒకడైన ఏడ్రియన్ హోలొవాటీ, జేకబ్ కప్లాన్-మాస్‌తో కలిసి వ్రాసిన గ్రంథం 2007 డిసెంబరులో వచ్చింది.

జావాస్క్రిప్టు విస్తరణ

2008లో డగ్లస్ క్రాక్‌ఫర్డ్ వ్రాసిన "జావాస్క్రిప్ట్: ది గుడ్ పార్ట్స్" ఆ భాషలో వాడదగిన భాగాలేవో, విడిచిపెట్టవలసినవేవో వేరుచేసి చూపిన చిన్న పుస్తకం. 2009లో రయాన్ డాల్ నోడ్ జేఎస్‌ను ప్రవేశపెట్టడంతో జావాస్క్రిప్టు సర్వరు వైపు విస్తృతంగా వ్యాపించింది. 2013లో ఫేస్‌బుక్ సంస్థ రియాక్ట్ లైబ్రరీని బహిరంగపరచింది. 2015 జూన్‌లో భాషా ప్రమాణం 6వ కూర్పు వెలువడి, జావాస్క్రిప్టు వ్రాసే తీరునే చాలావరకు మార్చివేసింది.

రకాలు

వెబ్ ప్రోగ్రామింగు పుస్తకాలను స్థూలంగా నాలుగు రకాలుగా విభజించవచ్చు.

* అభ్యాస గ్రంథాలు: ఏమీ తెలియని స్థితి నుండి మొదలుపెట్టి క్రమంగా నేర్పేవి. జాన్ డకెట్ వ్రాసిన "హెచ్‌టీఎంఎల్ అండ్ సీఎస్‌ఎస్" (2011), మారైన్ హావర్‌బెకె వ్రాసిన "ఎలొక్వెంట్ జావాస్క్రిప్ట్" ఈ కోవకు చెందుతాయి.
* ఆకర గ్రంథాలు: ఒక భాషను సమగ్రంగా వివరించేవి. వీటిని మొదటి పుట నుండి చివరి వరకు చదవడం కంటే అవసరమైనప్పుడు తీసి చూసుకోవడమే ఎక్కువ. ఫ్లానగన్ గ్రంథం ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ.
* ప్రాజెక్టు గ్రంథాలు: ఒక ఫ్రేమ్‌వర్కుతో పూర్తి అనువర్తనాన్ని నిర్మింపజేసేవి. పైన చెప్పిన రెయిల్స్ పుస్తకం, మిగెల్ గ్రిన్‌బర్గ్ వ్రాసిన "ఫ్లాస్క్ వెబ్ డెవలప్‌మెంట్" (2014, 2వ కూర్పు 2018) ఇటువంటివి.
* సూత్ర గ్రంథాలు: ఏ ఒక్క సాధనానికో పరిమితం కాకుండా మూల భావనలను వివరించేవి. భద్రతపై స్టటార్డ్, పింటో వ్రాసిన "ది వెబ్ అప్లికేషన్ హ్యాకర్స్ హ్యాండ్‌బుక్" (2007, 2వ కూర్పు 2011), డేటా నిర్వహణపై మార్టిన్ క్లెప్‌మన్ వ్రాసిన "డిజైనింగ్ డేటా-ఇంటెన్సివ్ అప్లికేషన్స్" (2017) ఈ రకానికి చెందుతాయి. ఇవి కొంత అనుభవం వచ్చిన తరువాత చదవవలసినవి.

మొదటిసారి నేర్చుకునేవారు ఆకర గ్రంథంతో మొదలుపెట్టడం తరచుగా కనిపించే పొరపాటు. వెయ్యి పేజీల పుస్తకంలో ప్రతి అంశమూ ఉంటుంది గానీ, ఏది ముందు నేర్చుకోవాలో, ఏది తరువాత చూసుకోవచ్చో అందులో తెలియదు.

పుస్తకాలు పాతబడే విధానం

త్వరగా మారే అంశాలు

వెబ్ ప్రోగ్రామింగు పుస్తకం ప్రధానంగా మూడు కారణాల వలన పాతబడుతుంది.

మొదటిది, సాధనం వెర్షను మారడం. జాంగోపై 2007లో వచ్చిన గ్రంథం 0.96 వెర్షనును ఆధారం చేసుకుంది. 2008 సెప్టెంబరులో విడుదలైన 1.0 వెర్షనులో నిర్వాహక విభాగాన్ని అమర్చే పద్ధతి మారిపోయింది. దానితో, ప్రచురించిన ఏడాది లోపే ఆ అధ్యాయంలోని ప్రోగ్రాములు కొత్త వెర్షనుపై ఉన్నవి ఉన్నట్లుగా నడవని స్థితి ఏర్పడింది. 2009లో 2వ కూర్పు వెలువడింది. రెయిల్స్ పుస్తకానికి ఈ సమస్య ఎంత తరచుగా ఎదురైందంటే, తరువాతి కూర్పులలో రెయిల్స్ వెర్షను సంఖ్యనే పుస్తకం పేరులో చేర్చారు.

రెండవది, సాధనం పూర్తిగా కనుమరుగు కావడం లేదా పేరు నిలిచి లోపలి స్వరూపం మారిపోవడం. గూగుల్ సంస్థ 2010లో విడుదల చేసిన యాంగులర్ జేఎస్‌కు, 2016 సెప్టెంబరులో వచ్చిన యాంగులర్ 2కు మధ్య పేరులో తప్ప పొంతన తక్కువ. పాత దానిలో వ్రాసిన ప్రోగ్రాములు కొత్త దానిలో నడవవు. పాత యాంగులర్ జేఎస్‌కు మద్దతు 2021 డిసెంబరు 31తో ముగిసింది. పైథాన్ 2 భాషకు 2020 జనవరి 1తో, అడోబీ ఫ్లాష్‌కు 2020 డిసెంబరు 31తో మద్దతు నిలిచిపోయింది. ఈ సాధనాలపై వచ్చిన పుస్తకాలు ఎంత బాగా వ్రాసినవైనా నేడు కొత్త అభ్యాసకులకు ఉపయోగపడవు.

మూడవది, మంచి పద్ధతిగా భావించినది కాలక్రమంలో మారడం. జావాస్క్రిప్టులో 2015కు ముందు వచ్చిన పుస్తకాలలోని ప్రోగ్రాములు నేటికీ బ్రౌజర్లలో నడుస్తాయి. కానీ చలరాశులను ప్రకటించడం, ఫంక్షన్లు వ్రాయడం, ఆలస్యంగా వచ్చే జవాబుల కోసం వేచి ఉండడం వంటి పనులకు నేడు వాడే పద్ధతులు అందులో ఉండవు. ఆ పుస్తకం మాత్రమే చదివినవారికి సమకాలీన ప్రోగ్రాములు కొత్త భాషలా తోస్తాయి.

నిలిచి ఉండే అంశాలు

హెచ్‌టీటీపీ నియమావళిని 1997లో, 1999లో వెలువడిన 1.1 ప్రమాణాలు స్థిరపరిచాయి. 2022లో కొత్త ప్రమాణ పత్రాలు వచ్చినా, సమాచారాన్ని తెచ్చుకునే గెట్, సమాచారాన్ని పంపే పోస్ట్ వంటి అభ్యర్థనల అర్థం మారలేదు. పేజీ దొరకలేదని తెలిపే 404 సంకేతం అప్పుడూ ఇప్పుడూ ఒక్కటే. ఎస్‌క్యూఎల్ భాషకు 1986లోనే అమెరికా జాతీయ ప్రమాణం ఏర్పడింది. పట్టికలను కలపడం, వరుసలను ఎంచడం వంటివి నాడు నేర్చుకున్నవారికి నేటికీ పనికివస్తున్నాయి. ఫారాలు, కుకీలు, సెషన్లు పనిచేసే తీరు, బయటి నుండి వచ్చే సమాచారాన్ని నమ్మరాదన్న సూత్రం, ప్రోగ్రామును చిన్న చిన్న భాగాలుగా విడగొట్టి పరీక్షించుకోవడం - ఇవి ఏ ఫ్రేమ్‌వర్కుకైనా వర్తిస్తాయి.

ఈ కారణంగా, ఫ్రేమ్‌వర్కు ఆజ్ఞలను మాత్రమే వరుసగా చెప్పే పుస్తకం కంటే, ఆ ఆజ్ఞల వెనుక బ్రౌజరుకు సర్వరుకు మధ్య ఏమి జరుగుతున్నదో చెప్పే పుస్తకం ఎక్కువ కాలం ఉపయోగపడుతుంది. మొదటి రకం పుస్తకం చదివినవారు సాధనం మారినప్పుడల్లా తిరిగి మొదటి నుండి మొదలుపెట్టవలసి వస్తుంది. రెండవ రకం పుస్తకం చదివినవారు కొత్త సాధనంలో పాత భావనలను వెంటనే గుర్తుపడతారు.

పాత పుస్తకాలు, భద్రత

పాత పుస్తకాలలో భద్రతకు సంబంధించిన లోపాలు గుర్తించడం కష్టం. ఎందుకనగా అటువంటి ప్రోగ్రాములు పైకి చక్కగా పనిచేస్తాయి.

ఎస్‌క్యూఎల్ ఇంజెక్షను ఇందుకు ముఖ్యమైన ఉదాహరణ. పరీక్షా ఫలితాలు చూపే పేజీలో విద్యార్థి తన హాల్‌టిక్కెట్టు సంఖ్య ఇస్తాడు. ఆ సంఖ్యను ఉన్నది ఉన్నట్లుగా ఎస్‌క్యూఎల్ వాక్యంలో అతికించి డేటాబేసుకు పంపే ప్రోగ్రామును ఊహించవచ్చు. సంఖ్యకు బదులు ఎవరైనా ఒక కొటేషను గుర్తు, దాని పక్కన "లేదా 1=1" అని అర్థమిచ్చే షరతు ఇస్తే, 1కి 1 ఎల్లప్పుడూ సమానమే గనుక, పట్టికలోని అందరి ఫలితాలూ బయటపడవచ్చు. ఇదే దారిలో సమాచారాన్ని మార్చే, చెరిపివేసే ప్రమాదం కూడా ఉంది. దీనికి నివారణ ప్రిపేర్డ్ స్టేట్‌మెంటు. ఇందులో ఎస్‌క్యూఎల్ వాక్యాన్ని ఒకవైపు, వాడుకరి ఇచ్చిన విలువను మరొకవైపు విడివిడిగా పంపుతారు. విలువలో ఏమున్నా డేటాబేసు దానిని ఆజ్ఞగా కాక విలువగానే చూస్తుంది.

పీహెచ్‌పీ భాషలో మైఎస్‌క్యూఎల్ డేటాబేసు కోసం మొదట ఉన్న ఫంక్షన్ల సముదాయంలో ఈ సౌకర్యం లేదు. ఈ పాత సముదాయాన్ని 2013లో వచ్చిన 5.5 వెర్షనులో వాడరాదని ప్రకటించి, 2015 డిసెంబరులో వచ్చిన 7.0 వెర్షనులో పూర్తిగా తొలగించారు. అంతకు ముందరి అనేక పుస్తకాలలో ఉదాహరణలన్నీ ఈ పాత ఫంక్షన్లతోనే ఉండేవి. అలాగే ఫారంలోని పేర్లన్నింటినీ తనంతట తానే ప్రోగ్రాములోని చలరాశులుగా మార్చే "రిజిస్టర్ గ్లోబల్స్" అమరిక 2002లో వచ్చిన 4.2.0 వెర్షను వరకు సహజంగా అమలులో ఉండేది. దానివలన బయటివారు ప్రోగ్రాములోని చలరాశులకు తమకు తోచిన విలువలు ఇవ్వగలిగేవారు. 2012లో 5.4 వెర్షనులో దీనిని తీసివేశారు.

సంకేతపదాలను భద్రపరచడం మరొక అంశం. వాటిని ఉన్నవి ఉన్నట్లుగా డేటాబేసులో దాచడం, లేదా ఎండీ5 వంటి వేగవంతమైన హాష్ పద్ధతితో మార్చి దాచడం పాత పుస్తకాలలో కనిపిస్తుంది. హాష్ ఎంత వేగంగా లెక్కించగలిగితే, దొంగిలించిన జాబితాపై ఊహలను అంత వేగంగా ప్రయత్నించవచ్చు. అందువలన కావాలనే నెమ్మదిగా లెక్కించే బీక్రిప్ట్, ఆర్గాన్2 వంటి పద్ధతులను నేడు సిఫారసు చేస్తున్నారు.

పాఠాలలోని లోపాలు నిజమైన అనువర్తనాలలోకి ఎలా చేరతాయో 2017లో జర్మనీకి చెందిన పరిశోధకులు మరికొందరితో కలిసి పరిశీలించారు. ఇంటర్నెట్‌లో ప్రసిద్ధమైన పాఠాలలో ఉన్న లోపభూయిష్ఠమైన ప్రోగ్రాము ముక్కలను తీసుకొని, 64 వేలకు పైగా పీహెచ్‌పీ ప్రాజెక్టులలో వెదకగా, వాటిని పోలిన భద్రతా లోపాలు వందకు పైగా బయటపడ్డాయి. పాఠంలో ఉన్న తప్పు పాఠంతో ఆగదని ఇది తెలుపుతుంది.

వెబ్ భద్రతపై పనిచేసే ఓవాస్ప్ సంస్థ 2001లో ఏర్పడింది. ఇది 2003 నుండి పది ముఖ్యమైన ప్రమాదాల జాబితాను ప్రకటిస్తూ వస్తోంది. 2017 జాబితాలో ఇంజెక్షను మొదటి స్థానంలో ఉండగా, 2021 జాబితాలో అనుమతుల తనిఖీలో లోపాలు మొదటి స్థానానికి వచ్చి, ఇంజెక్షను మూడవ స్థానానికి దిగింది. ఒక పుస్తకంలో భద్రతా విషయాలు ఎంతవరకు ఉన్నాయో తెలుసుకోవడానికి ఈ జాబితాను కొలబద్దగా వాడవచ్చు.

ఎంపికలో గమనించవలసిన అంశాలు

* కూర్పు, తేదీ: కాపీరైటు పుటలో ఉండే కూర్పు, అనగా ఎడిషను సంవత్సరాన్ని చూడాలి. పునర్ముద్రణ సంవత్సరం వేరు. 2012 నాటి కూర్పును 2019లో తిరిగి అచ్చువేసినా లోపలి విషయం 2012 నాటిదే.
* వెర్షను: పుస్తకం ఏ వెర్షనుపై వ్రాశారో ముందుమాటలో లేదా మొదటి అధ్యాయంలో ఉంటుంది. ఆ వెర్షనుకు మద్దతు ఇంకా ఉన్నదో లేదో ఆ సాధనం అధికారిక వెబ్‌సైటులో చూసుకోవచ్చు.
* పదసూచిక: పుస్తకం చివర ఉండే పదసూచికలో ప్రిపేర్డ్ స్టేట్‌మెంటు, క్రాస్ సైట్ స్క్రిప్టింగు, క్రాస్ సైట్ రిక్వెస్ట్ ఫోర్జరీ, పాస్‌వర్డ్ హాష్ అనే మాటల కోసం వెదకాలి. ఇవేవీ లేని పుస్తకంతో నిజమైన వాడుకరులకు ఇచ్చే అనువర్తనం తయారు చేయడం శ్రేయస్కరం కాదు. భద్రత అంతా చివరి అధ్యాయంలోనే ఉండి, ముందరి ఉదాహరణలు దానిని పాటించకపోతే అది కూడా లోపమే.
* ఉదాహరణలు: ముక్కలు ముక్కలుగా ఉన్న ఉదాహరణల కంటే, లాగిను, డేటాబేసు, ఫారాల తనిఖీ, సర్వరుపై స్థాపన వరకు ఒక పూర్తి అనువర్తనం ఉన్న పుస్తకం మేలు.
* వివరణ: ఒక ఉదాహరణ కింద "ఇలా వ్రాయాలి" అని మాత్రమే ఉన్నదా, లేక ఎందుకు అలా వ్రాయాలో, అలా వ్రాయకపోతే ఏమౌతుందో కూడా ఉన్నదా అన్నది ఒక అధ్యాయం చదివితే తెలుస్తుంది. చాలా ప్రచురణ సంస్థలు నమూనా అధ్యాయాన్ని ఉచితంగా ఇస్తాయి.
* తప్పొప్పుల పట్టిక: ప్రచురణ సంస్థ వెబ్‌సైటులో పుస్తకానికి తప్పొప్పుల పట్టిక, ప్రోగ్రాముల ప్రతులు ఉండడం మంచి లక్షణం. తప్పుల పట్టిక ఉన్నదంటే పుస్తకం చెడ్డదని కాదు, దానిని ఎవరో పట్టించుకుంటున్నారని అర్థం.
* అభ్యాసాలు: అధ్యాయం చివర స్వయంగా చేయవలసిన పనులు ఉండాలి. ఉదాహరణను చూసి టైపు చేయడం ఒకటి, దానిని మార్చి కొత్త పని చేయించడం మరొకటి.
* పాఠకుని స్థాయి: ప్రోగ్రామింగు బొత్తిగా తెలియనివారికి, ఒక భాష తెలిసినవారికి ఒకే పుస్తకం సరిపోదు. పుస్తకం ఎవరిని ఉద్దేశించినదో ముందుమాటలో సాధారణంగా ఉంటుంది.

అధ్యయన క్రమం

మొదట హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్, తరువాత జావాస్క్రిప్టు మూలాంశాలు, ఆ తరువాత ఒక సర్వరు భాష, దానితో పాటు ఎస్‌క్యూఎల్, చివరగా ఒక ఫ్రేమ్‌వర్కు నేర్చుకోవడం సాధారణంగా సూచించే క్రమం. ఫ్రేమ్‌వర్కు లేకుండా ఒక చిన్న అనువర్తనాన్ని - ఉదాహరణకు గ్రంథాలయ పుస్తకాల జాబితాను - తయారు చేసినవారికి, ఫ్రేమ్‌వర్కు తమకు ఏ శ్రమ తగ్గిస్తున్నదో అర్థమౌతుంది. ఈ క్రమంలో ఒక్కొక్క దశకు ఒక పుస్తకం చాలు. ఒకే విషయంపై నాలుగు పుస్తకాల మొదటి అధ్యాయాలు చదవడం కంటే ఒక పుస్తకాన్ని చివరి వరకు, ప్రోగ్రాములు వ్రాస్తూ చదవడం ఎక్కువ ఫలితాన్నిస్తుంది.

భారతదేశంలో ముద్రణలు, పాఠ్యప్రణాళికలు

విదేశీ సాంకేతిక గ్రంథాలు భారతదేశంలో తక్కువ ధరకు స్థానిక ముద్రణలుగా లభిస్తాయి. ఓరైలీ పుస్తకాలను ముంబయికి చెందిన ష్రాఫ్ పబ్లిషర్స్ అండ్ డిస్ట్రిబ్యూటర్స్ పునర్ముద్రించింది. ఇటువంటి ప్రతులపై భారత ఉపఖండంలో మాత్రమే అమ్మకానికి అన్న గమనిక ఉంటుంది. దేశీయ ప్రచురణలలో బీపీబీ పబ్లికేషన్స్ వెలువరించిన ఐవాన్ బేరాస్ గ్రంథాలు, డ్రీమ్‌టెక్ ప్రెస్ "బ్లాక్ బుక్" వరుస విద్యార్థులలో ప్రచారం పొందాయి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం బీ.టెక్. కంప్యూటరు విభాగంలో "వెబ్ టెక్నాలజీస్" ఒక పాఠ్యాంశంగా ఉండేది. 2000లలో దీనికి క్రిస్ బేట్స్ వ్రాసిన "వెబ్ ప్రోగ్రామింగ్: బిల్డింగ్ ఇంటర్నెట్ అప్లికేషన్స్" పాఠ్యగ్రంథాలలో ఒకటి. విశ్వవిద్యాలయం 2008లో హైదరాబాదు, కాకినాడ, అనంతపురం శాఖలుగా విడిపోయిన తరువాత, హైదరాబాదు విశ్వవిద్యాలయం పాఠ్యప్రణాళికను ఆర్-09, ఆర్-13, ఆర్-16, ఆర్-18, ఆర్-22 వంటి నిబంధనల పేరుతో కొన్నేళ్ళకొకసారి సవరిస్తూ వచ్చింది. పాఠ్యప్రణాళిక కొన్నేళ్ళకొకసారి మారితే, వెబ్ సాధనాలు ఏడాదికొకసారి మారతాయి. అందువలన పరీక్షకు సూచించిన పుస్తకం, పనికి అవసరమైన పుస్తకం వేరు వేరుగా ఉండడం తరచుగా జరుగుతుంది. పరీక్షా గ్రంథంలోని మూల భావనలను నేర్చుకొని, ప్రోగ్రాములను మాత్రం ఇటీవలి వెర్షనుతో వ్రాసి చూసుకోవడం ఇందుకు ఒక మార్గం.

హైదరాబాదులో ఆబిడ్స్‌లోని ఆదివారం పుస్తకాల అంగళ్ళు, కోఠీ, విజయవాడలో లెనిన్ సెంటరు పాత పుస్తకాలకు ప్రసిద్ధి. తక్కువ ధరకు కంప్యూటరు పుస్తకాలు కూడా ఇక్కడ దొరుకుతాయి. ఎస్‌క్యూఎల్, అల్గారిథములు, నెట్‌వర్కులు వంటి విషయాలపై పాత కూర్పు కొన్నా నష్టం తక్కువ. ఫ్రేమ్‌వర్కులపై, పీహెచ్‌పీ వంటి భాషలపై పాత కూర్పు కొనేముందు మాత్రం పైన చెప్పిన తేదీ, వెర్షను, పదసూచిక అంశాలను పరిశీలించుకోవాలి.

ఈ రంగంలో ప్రామాణిక గ్రంథాలు అధికంగా ఆంగ్లంలోనే ఉన్నాయి. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన విద్యార్థులకు సరళమైన వాక్యాలు, ఎక్కువ పటాలు ఉన్న అభ్యాస గ్రంథాలు మొదట్లో సహాయపడతాయి.

ఉచితంగా లభించే పుస్తకాలు

కొన్ని మంచి గ్రంథాలను రచయితలే ఇంటర్నెట్‌లో ఉచితంగా చదువుకునేందుకు ఉంచారు. "ఎలొక్వెంట్ జావాస్క్రిప్ట్" 2007లో ఇంటర్నెట్‌లో మొదలై, 2011లో అచ్చు పుస్తకంగా వచ్చింది. దాని 4వ కూర్పు 2024లో వెలువడింది. కైల్ సింప్సన్ వ్రాసిన "యూ డోంట్ నో జేఎస్" గ్రంథమాల కూడా ఇటువంటిదే. జాంగో గ్రంథం మొదటి కూర్పును స్వేచ్ఛా లైసెన్సుతో ఇంటర్నెట్‌లో ఉంచారు. ఇవి చట్టబద్ధంగా ఉచితం. అనుమతి లేకుండా నకలు చేసిన ప్రతులలో, చట్టపరమైన సమస్యకు తోడు, ఏ కూర్పుదో తెలియని పాత ప్రతి చేతికి రావడం మరొక ఇబ్బంది.

పరిమితులు

ఏ పుస్తకమూ సాధనం అధికారిక పత్రాలంత తాజాగా ఉండదు. ఫ్లానగన్ గ్రంథం 6వ కూర్పు (2011) వెయ్యి పేజీలు దాటగా, 2020లో వచ్చిన 7వ కూర్పు సుమారు 700 పేజీలకు తగ్గింది. వెతుక్కోవడానికి మాత్రమే పనికివచ్చే ఆకర భాగాన్ని అందులో తొలగించారు. అటువంటి వివరాలు 2005లో మొదలైన మొజిల్లా సంస్థ పత్రాలలో ఉచితంగా, తాజాగా దొరుకుతున్నాయి. 2022 తరువాత అడిగిన వెంటనే ప్రోగ్రాము వ్రాసి ఇచ్చే కృత్రిమ మేధ సాధనాలు కూడా విరివిగా వాడుకలోకి వచ్చాయి. ఇవి పాత పుస్తకాలు, పాత ప్రోగ్రాములు కూడా చదివి తయారైనవే గనుక, ఇచ్చిన జవాబులో పాత లోపాలు ఉండే అవకాశముంది. ఆ లోపాన్ని గుర్తించడానికి చదివేవారికి మూల భావనలు తెలిసి ఉండాలి.

విషయాన్ని ఒక క్రమంలో, ఒకదాని మీద ఒకటిగా, కారణాలతో సహా చెప్పడం పుస్తకం ప్రత్యేకత. ఏ ఫంక్షను ఎలా వాడాలన్నది పత్రాలలో చూసుకోవచ్చు. ఏ ఫంక్షను ఎందుకు అవసరమైందో, దానిని విస్మరిస్తే ఎవరికి నష్టమో తెలుసుకోవడానికి మంచి పుస్తకం ఇప్పటికీ ఉపయోగపడుతుంది.

ఇవి కూడా చూడండి

* వరల్డ్ వైడ్ వెబ్
* హెచ్‌టీటీపీ
* హెచ్‌టీఎంఎల్
* జావాస్క్రిప్టు
* పీహెచ్‌పీ
* ఎస్‌క్యూఎల్
* కంప్యూటరు భద్రత